‘అయినా’ తీసేసి వింటే...

కొన్నేళ్ళ క్రితం నేనొక సీరియల్ రాశాను. అందులో కథానాయిక వీణ విద్వాంసురాలు. చిన్నతనంలో పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడిపోయింది. ఇరవైఆరు వారాలపాటు ఆ పిల్లని నేను ఏడిపించని చోటు లేదంటే నమ్మండి! పెళ్ళిచూపుల్లో ఏడ్చింది. గుడిమెట్ల దగ్గర ఏడ్చింది. చెల్లెలి పెళ్ళిలో పదిమందితో పాటు వడ్డన చేయలేక వంటింటి గుమ్మంలో కూచుని ఏడ్చింది. చివరి వారంలో మాత్రం నాకే జాలేసి, పెద్ద డాక్టరుగారిని రప్పించి ఆపరేషన్ చేయించి నడిపించేశాను. అగ్నిసాక్షిగా ఏడడుగులూ తనే నడిచింది.

చాలా ఉత్తరాలొచ్చాయి. ఎన్ని చేతిరుమాళ్ళు తడిశాయో పాఠకురాళ్ళు లెక్కలు కట్టి మరీ రాశారు. నేనూ పొంగిపోయాను. దాపరికం దేనికి? వాటిలో ఒక ఉత్తరం మాత్రం నాలుగే వాక్యాలు. ‘మీ సుజాత వీణ వాయిస్తుందని ఆర్నెల్లు రాశారు. ఏం వాయించిందో ఒక్కసారీ రాయలేదు. నేను చంకకర్రలతో నడుస్తాను, వీణ కూడా నేర్చుకుంటున్నాను. అందుకని అడుగుతున్నాను.’

‘ఎంత పొగరుబోతు పిల్ల!’ అనుకుని ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేశాను. జవాబు రాయలేదు.

ఆ ఉత్తరం మళ్ళీ గుర్తొచ్చింది ఈమధ్యనే. ఎక్కడో ఫ్రాన్సు దేశంలో పుట్టి, పాతికేళ్ళ క్రితమే చచ్చిపోయిన ఒక పియానో వాద్యకారుడి మూలంగా!

ఒక సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. హాల్లో మావాడు ఏదో పియానో పెట్టాడు. మావాడికి జాజ్ పిచ్చి. నాకు ఆ సంగీతంతో పెద్ద పరిచయం లేదు గాని, చెవులున్నాక వినపడక మానదుగదా! వింటూవుంటే వేళ్ళు వాటంతటవే చిక్కుడుకాయల మీద తాళం వేస్తున్నాయి. హుషారుగానే వుంది. కానీ ఏమిటా పరుగు! ఊపిరి తీసుకోనివ్వడు, మనల్ని తీసుకోనివ్వడు. ఉండబట్టలేక, ‘ఎవర్రా అతను? రైలు తప్పిపోతుందన్నట్టు వాయిస్తున్నాడు!’ అని అరిచాను.

మావాడు విరగబడి నవ్వాడు. ‘అది రైలు పాటేనమ్మా!’ అన్నాడు. నిజమేనట. న్యూయార్కు నగరంలో భూమి కింద నడిచే ‘ఏ’ ట్రెయిన్ మీద బిల్లీ స్ట్రేహార్న్ కట్టిన పాట అది. డ్యూక్ ఎలింగ్టన్ బృందానికి ముద్రలాంటి పాట. నా సంగీతజ్ఞానానికి నేనే మురిసిపోతూ హాల్లోకి వచ్చాను. మావాడు ఫోనులో బొమ్మ చూపించాడు.

పెద్ద నల్లటి పియానో. దాని ముందు ఎత్తైన పీట. పీట మీద... మొదట ఎవరో చిన్నపిల్లాణ్ణి కూచోబెట్టారనుకున్నాను. చూస్తే పెద్దవాడి ముఖం, గెడ్డం, కళ్ళజోడు. కాళ్ళు ఎక్కడో పైనే ఆగిపోయాయి. మూడడుగుల మనిషి! నా నోటివెంట వెంటనే ఏం వచ్చిందో మీరు ఊహించగలరు. ‘అయ్యో పాపం! అయినా ఎంత బాగా వాయిస్తున్నాడో!’

‘ఇందాక తొందరెక్కువ అన్నావుగా?’ అన్నాడు మావాడు.

నేను తెల్లబోయాను. పాట అదే. చెవులూ అవే. బొమ్మ చూడకముందు నాకు తొందరగా తోచింది, చూశాక అద్భుతమైపోయింది! అంటే ఆ రెండోమాట నా చెవులు చెప్పింది కాదన్నమాట. మా అత్తగారి భాషలో చెప్పాలంటే, ముష్టివాడికి వేసిన పిడికెడు బియ్యం అది.

అతని పేరు మిషెల్ పెట్రుచియాని. 1962 డిసెంబరు 28న దక్షిణ ఫ్రాన్సులోని ఆరెంజ్ అనే వూళ్ళో పుట్టాడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి గిటారు వాయిస్తాడు, అన్నదమ్ముల్లో ఒకరు గిటారు, ఒకరు బేస్. పుట్టుకతోనే అతని ఎముకలు గాజుముక్కలు. ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అంటారు డాక్టర్లు. ఎముకకి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పదార్థం సరిగ్గా తయారుకాకపోవడమే దాని మూలం. ఎత్తుకుంటే విరుగుతుంది, తుమ్మితే విరుగుతుంది. యుక్తవయసు వచ్చేలోపు ఆ ఒంట్లో ఎముకలు వందసార్లకు పైనే విరిగాయంటారు. ఎదుగుదల మూడడుగుల దగ్గరే ఆగిపోయింది. చేతులు మాత్రం మామూలు చేతులే.

నాలుగేళ్ళప్పుడు టెలివిజన్‌లో డ్యూక్ ఎలింగ్టన్‌ని చూసి, నాకదే కావాలన్నాడట. తండ్రి ఒక బొమ్మ పియానో తెచ్చిచ్చాడు. పిల్లాడు దాన్ని సుత్తితో పగలగొట్టాడు! అది టీవీలో విన్నట్టు మోగలేదు మరి. ఈ కథ అతనే చెప్పుకునేవాడు. నాకు అతని కథలన్నిట్లోకీ ఇదే ఇష్టం. జబ్బుపిల్లాడికి ఆటవస్తువు చాల్లే అనుకోవడం మనందరికీ అలవాటు. ఆ సుత్తి పడింది పియానో మీద కాదు, ఆ అనుకోవడం మీద. తండ్రి బుద్ధిమంతుడు, సంగతి గ్రహించాడు. నిజమైన పాత పియానో ఒకటి సంపాదించాడు. ఏళ్ళ తరబడి శాస్త్రీయసంగీతం చెప్పించాడు. కొడుకు కాళ్ళు కింద పెడల్ని అందుకోవుగదా, అందుకని ఆ పెడల్‌కి తగిలించే సాధనం ఒకటి స్వయంగా తయారుచేశాడు.

ఈ పెడల్ సంగతి కొంచెం చెప్పాలి. పియానోలో మెట్టు మీంచి వేలు తీయగానే నాదం ఆగిపోతుంది. కుడికాలితో పెడల్ నొక్కి వుంచితే ఆగదు, మోగుతూనే వుంటుంది. ఒక స్వరం ఇంకొక స్వరంలోకి కరిగిపోవాలంటే కాలు కావాలి. అంటే పియానో చేతులతో వాయించేదే కాదు, కాళ్ళతో కూడా వాయించేది! ఆ తండ్రి చేసిచ్చింది ఊతకర్ర కాదండీ, సంగీతంలో సగభాగం. ఇంకో లెక్క చూడండి. పియానోకి ఎనభైఎనిమిది మెట్లు, ఈ కొసనుంచి ఆ కొసకి నాలుగడుగుల పొడుగు. మనిషి ఎత్తు మూడడుగులు. వాద్యం మనిషికంటే పెద్దది. ఆ చివర మంద్రస్వరం కావాలంటే మనిషంతా అటు ఒరగాలి.

పదమూడో ఏట ఒక ఉత్సవంలో అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు క్లార్క్ టెర్రీకి పియానో వాయించేవాడు కావలసి వచ్చాడు. ఈ పిల్లాణ్ణి మోసుకొచ్చి కూచోబెట్టారు. టెర్రీ తనతో ఎవరో పరిహాసమాడుతున్నారనుకున్నాడు. తనూ పరిహాసంగా ఎద్దులపోట్లాటలో వాయించే పాటేదో ఊదాడు. పిల్లాడు ఏమీ అనుకోలేదు. బ్లూస్ వాయిద్దాం రమ్మన్నాడు. ఒక నిమిషం వాయించేసరికి టెర్రీ అతన్ని కావలించుకున్నాడట.

అల్డో రొమానో అనే డ్రమ్ము వాద్యకారుడు అతన్ని పారిస్‌కి తీసుకెళ్తానంటే తండ్రికి పంపడానికి మనసొప్పలేదు. ఆ తండ్రిని తప్పుపట్టలేం. బస్సులో హైదరాబాదు వెళ్ళే కాలేజీ పిల్లకి పది జాగ్రత్తలు చెప్పేవాళ్ళం మనం! వెళ్ళనే వెళ్ళాడు. 1981లో వచ్చిన రికార్డు అతనికి పేరు తెచ్చింది. అక్కడినుంచి అమెరికా, కాలిఫోర్నియా సముద్రతీరంలో బిగ్ సర్. అక్కడ చార్లెస్ లాయిడ్ అనే పేరుమోసిన సాక్సొఫోన్ విద్వాంసుడు కచేరీలు మానేసి ఏళ్ళతరబడి ఏకాంతంగా కూచున్నాడు. ఈ కుర్రాడి వాద్యం విని లేచి మళ్ళీ వేదికెక్కాడు. 1982లో ఇద్దరూ కలిసి మోంట్రూ ఉత్సవంలో వాయించారు. కుర్రాణ్ణి చేతుల్లో ఎత్తుకుని వేదిక మీదికి తీసుకొచ్చింది లాయిడే. ఎవరు ఎవర్ని నిలబెట్టారో ఇక మీరే చెప్పండి.

1985 ప్రాంతంలో బ్లూనోట్ అనే పేరున్న అమెరికన్ రికార్డు కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది. ఫ్రాన్సు నుంచి ఆ గౌరవం దక్కినవాళ్ళలో అతనే మొదటివాడు. 1994లో ఫ్రెంచి ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. బిరుదుల సంగతి ఇంతతో చాలు.

ఇప్పుడు సంగీతం. జాజ్‌లో పాట ముందు యథాతథంగా వినిపించి, ఆ తర్వాత దాని మీద అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుకుపోతారు. మన పల్లవి, కల్పనస్వరాలు తెలిసిన చెవికి ఇదేమంత పరాయి కాదు. బొమ్మ చూడకుండా విందామని నిశ్చయించుకుని, ఫోను బల్లమీద బోర్లాపెట్టి, మూడు వారాలపాటు మధ్యాహ్నాలు విన్నాను.

మొదట గమనించింది ప్రతి స్వరం విడివిడిగా, స్ఫుటంగా పలకడం. ఎంత వేగంలోనూ రెండు స్వరాలు అంటుకోవు. గంజి సరిగ్గా వార్చిన అన్నం మెతుకుల్లా వుంటాయి. రెండోది, పాట పాడుతుంది. ఎంత అల్లినా అసలు వరస ఎక్కడో ఒకచోట చెవికి తగులుతూనే వుంటుంది. అతనికి ఆరాధ్యుడైన బిల్ ఎవన్స్‌ది అంతర్ముఖ సంగీతం, తలుపు వేసుకుని తనలో తను మాట్లాడుకున్నట్టుంటుంది. ఇతను మాత్రం తలుపులు బార్లా తీసి ‘రండి, కూచోండి’ అంటాడు. సంతోషం పంచడానికి సిగ్గుపడడు. 1989 నాటి ‘మ్యూజిక్’ రికార్డులో ‘లుకింగ్ అప్’ అని తను కట్టిన పాట ఒకటుంది. పైకి చూడటం అని అర్థం. మూడడుగుల మనిషి జీవితమంతా పైకే చూడాలిగదా అని ఆ పేరులోంచి దుఃఖం పిండటానికి నాలాంటి రచయిత్రికి అరక్షణం పట్టదు. పాట మాత్రం అందుకు ఒప్పుకోదు. బడి వదిలిపెట్టినప్పుడు పిల్లలు గంతులేస్తూ వచ్చినట్టుంటుంది.

ఇక తప్పులు. 1994 నవంబరులో పారిస్‌లోని థియేటర్ దె షాంజెలిజెలో ఒక్కడే కూచుని వాయించిన కచేరీ రికార్డుంది. తనకిష్టమైన పాటలన్నీ గుదిగుచ్చి, ఆపకుండా 40 నిమిషాలు వాయించిన మాలిక అందులో మొదటిది. చాలామంది దాన్ని ఆకాశానికెత్తుతారు. నేను మూడుసార్లు విన్నాను. మొదటి పావుగంట మహత్తరంగా వుంది. ఆ తర్వాత, నన్ను తిట్టుకోకండి, నాకు విసుగొచ్చింది. పండగనాడు కొత్త అల్లుడికి వడ్డించినట్టు ఒకదానిమీద ఒకటి. ఎడంచెయ్యి ఒకే పట్టు పట్టి తిప్పితిప్పి వాయిస్తుంటే కుడిచెయ్యి మెరుపులు కురిపిస్తుంది, జనం చప్పట్లు కొడతారు. చప్పట్లు వస్తాయని అతనికి ముందే తెలుసు. అదీ నా ఫిర్యాదు. స్వరానికీ స్వరానికీ మధ్య కాస్త ఖాళీ వదిలితే ఆ ఖాళీ కూడా సంగీతమే. ఆ ఖాళీ అంటే అతనికి భయమేమో అనిపించింది.

కానీ అదే మనిషి, 1986 జూలైలో మోంట్రూలో, తనకంటే ముప్ఫైరెండేళ్ళు పెద్దవాడైన గిటారు విద్వాంసుడు జిమ్ హాల్ పక్కన ఎలా వాయించాడో వినండి! వేన్ షార్టర్ సాక్సొఫోన్ కూడా తోడైన ఆ కచేరీ ‘పవర్ ఆఫ్ త్రీ’ అనే రికార్డుగా వచ్చింది. జిమ్ హాల్ మితభాషి. పది స్వరాలు పట్టేచోట మూడే వాయించి వూరుకుంటాడు. ఆ పెద్దాయన ఎదుట మన ఇరవైమూడేళ్ళ కుర్రాడు మాట తగ్గించాడు. వినడం మొదలుపెట్టాడు. ఎలింగ్టన్ పాట ‘ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్’ని ఇద్దరూ కలిసి నెమ్మదిగా, ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తిచేస్తూ నడిపిస్తారు. భోజనాలయ్యాక వరండాలో కూచుని మాట్లాడుకునే మామగారూ అల్లుడూ గుర్తొచ్చారు నాకు. అలాగే ‘బెసామె ముచో’. మెక్సికో దేశపు కాన్సులో వెలాస్కెజ్ కట్టిన పాట. ఆవిడా పియానో విద్వాంసురాలే. ప్రపంచమంతా అరిగిపోయేదాకా వాయించిన ఆ పాటని ఇతను ఎంత మర్యాదగా, మెత్తగా పలికిస్తాడో! ఇవి విన్నాక ఆ మెరుపుల మాలిక మీద నా ఫిర్యాదు ఇంకా గట్టిపడిందే గాని తగ్గలేదు. ఖాళీ వదలడం చేతకానివాడు కాదు, చేతనయ్యీ వదలనివాడు!

ఇలా తప్పుపట్టినందుకు మొదట నాకు పాపభీతి కలిగిన మాట నిజం. విరిగే ఎముకలతో వాయించేవాడికి వంకలా అని. వాయిస్తుండగానే ఎముక విరిగి, ఆ నొప్పితోనే కచేరీ ముగించిన సందర్భాలున్నాయని దగ్గరివాళ్ళు చెప్పారు. కానీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు గురించి మాట్లాడేటప్పుడు ‘చూపు తక్కువైనా బాగా వాయించారు’ అని ఎవరైనా అంటే మనం వూరుకుంటామా? ఆ కమాను గురించి, ఆ నాదం గురించి మాట్లాడతాం. ‘అయినా’ అనే చిన్నమాట ఎంత పని చేస్తుందో చూడండి. మెచ్చుకుంటున్నట్టే వుంటుంది, మనిషిని మాత్రం పోటీలోంచి పక్కకి తప్పించేస్తుంది.

అలాగని ఆ ఒంటికీ ఆ సంగీతానికీ సంబంధమే లేదనడం కూడా అబద్ధమే. ఆ సంగతి నాకు తెలియజెప్పింది మా అత్తగారు.

ఒకరోజు ఆవిడ మావాడి పక్కన కూచుని చూస్తోంది. ‘ఎవర్రా ఈ పిల్లాడు, పాపం!’ అంది, మనందరిలాగే. రెండు నిమిషాలయ్యాక చేతివేళ్ళు కుర్చీకోడు మీద ఆడటం మొదలుపెట్టాయి. పాట అయిపోయాక నావైపు తిరిగి, ‘ఇతనికి నీళ్ళెవరు పోస్తారమ్మా?’ అంది.

అన్ని రికార్డులు విన్న నాకు తట్టని ప్రశ్న! పదేళ్ళు మంచాన వున్న మా మామగారికి నీళ్ళు పోసిన మనిషికి మొదటి పాటకే తట్టింది.

ఎవరు పోశారంటే, ఆడవాళ్ళు. 2011లో మైకేల్ రాడ్‌ఫర్డ్ తీసిన డాక్యుమెంటరీ సినిమా వుంది. అందులో అతని జీవితంలోకి వచ్చిన స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. ఎత్తుకుని మెట్లు దించారు, బట్టలు తొడిగారు, కచేరీలకి వెంట తిరిగారు. ప్రేమించారు కూడా, జాలిపడి కాదు. అతను మహా మాటకారి, సరసుడు, మనిషి వున్న గదిలో నవ్వు ఆగదు. ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూసుకున్న మనిషిలా కనిపించడు. సినిమాలో ఆ స్త్రీలు నవ్వుతూనే చెబుతారు. కొందరి కళ్ళు నవ్వవు. నేను చేతిరుమాలు తీసింది అక్కడే. అతని కోసం కాదు. కష్టపడ్డవాడు గనక మంచివాడై తీరాలన్న రూలు నా నవలల్లోనే వుంది, బయట లేదు.

అతనికొక కొడుకు పుట్టాడు, అలెగ్జాండర్. తండ్రి జబ్బే వచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బుంటే, చాలా రకాల్లో, ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. తెలిసి కనవచ్చునా అని మా ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. ‘తగదు’ అన్నాను నేను. మావాడు కోపంగా, ‘అంటే పెట్రుచియాని పుట్టకుండా వుండాల్సిందంటావా?’ అన్నాడు. ‘నేను అతని మాట అనలేదురా, ఆ పసివాడి నొప్పి మాట అన్నాను’ అన్నాను. మా అత్తగారు ఎటూ చెప్పలేదు. సినిమాలో పెద్దవాడైన ఆ కొడుకు కూడా మాట్లాడతాడు. అతన్ని చూశాక నా ‘తగదు’ని అంత గట్టిగా అనలేకపోతున్నాను. ‘తగును’ అనడానికీ నోరు రావడం లేదు.

నాకు విసుగుపుట్టించిన ఆ తొందర గురించి కూడా అప్పుడే ఇంకోలా ఆలోచించాను. ఎక్కువకాలం బతకనని తెలిసినవాడు ఏడాదికి వందకు పైగా కచేరీలు చేశాడు, ఊళ్ళు తిరిగాడు, తాగాడు, తిన్నాడు, ప్రేమించాడు. స్వరాల మధ్య ఖాళీ వదలనివాడు రోజుల మధ్య మాత్రం ఎందుకు వదులుతాడు? 1999 జనవరి 6న న్యూయార్కులో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ముప్ఫైఆరేళ్ళు. పారిస్‌లోని పెర్ లాషెజ్ శ్మశానంలో, పియానో కోసమే పుట్టిన షోపాన్ సమాధికి దగ్గర్లోనే అతన్ని పెట్టారు. ఆ తొందర ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పుడు అర్థమైంది. అర్థమైనంతమాత్రాన ఆ 40 నిమిషాల మాలిక నాకు పొట్టిదైపోలేదు. నాకిష్టమైనవి ఇప్పటికీ జిమ్ హాల్‌తో వాయించినవే.

ఈ వ్యాసం రాయడానికి కూచునేముందు సొరుగంతా వెతికాను. ఆ ఉత్తరం దొరికింది. అడుగున ఊరిపేరు చెరిగిపోయింది, తపాలాముద్ర కూడా అలుక్కుపోయింది. జవాబు పంపే దారి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాయీ, నా సీరియల్ రెండోసారి పుస్తకంగా వేస్తున్నారు. మార్పులేమైనా వుంటే చెప్పమని అడిగారు. ఆపరేషన్ అధ్యాయం కొట్టేశాను. గుడిమెట్ల ఏడుపూ కొట్టేశాను. పెళ్ళిలో వంటింటి గుమ్మం మాత్రం వుంచాను, అది నిజంగా జరిగేదే గనక. తొమ్మిదో వారంలో సుజాత మొదటి కచేరీ వుందిగదా, అక్కడ నాలుగు పేజీలు ఖాళీగా పెట్టాను. మోహనమా, ఖరహరప్రియా అన్నది తేలక రోజూ మధ్యాహ్నం రెండూ వింటున్నాను. నీవైతే ఏది వాయిస్తావు?